జెండా ముందు వచ్చింది, ప్రభుత్వం తర్వాత

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు నీళ్లు విజయవాడ సింగ్ నగర్‌లోకి వచ్చినప్పుడు మా పిన్ని వాళ్లు రెండో అంతస్తులో ఉన్నారు. కింది వాటాలు మునిగిపోయాయి. కరెంటు లేదు, తాగడానికి నీళ్లు లేవు. రెండు మూడు రోజులు గడిచాక ఒక రాత్రి ఫోన్లలో ఒక వాయిస్ మెసేజ్ తిరిగింది. బుడమేరుకు మళ్లీ గండి పడిందట, ఈసారి మొదటి అంతస్తు కూడా ఆగదట. అలాంటిదేమీ లేదని అధికారులు చెప్పారు. ఆ మాట బిల్డింగులో ఒక్కరూ నమ్మలేదు. ముక్కూ మొహం తెలియని మనిషి పంపిన మెసేజ్‌ని మాత్రం అందరూ నమ్మారు. పసిపిల్లలతో, ముసలివాళ్లతో ఆ చీకట్లో మేడ మీదికెక్కి తెల్లవార్లూ కూర్చున్నారు. నీళ్లు పెరగలేదు.

ఆ వారమే ఇంకొకటి కూడా చూశాం. ఎక్కడెక్కడి కుర్రాళ్లో ట్యూబులు, చిన్న పడవలు వేసుకుని పాల ప్యాకెట్లు, భోజనం పొట్లాలు మోసుకొచ్చారు. గుంటూరు వైపు నుంచీ వ్యాన్లలో పులిహోర వచ్చింది. వాళ్లలో చాలామంది ప్రభుత్వాన్ని నమ్మని మనుషులే. నమ్మకం లేదు కాబట్టే సొంత డబ్బుతో వచ్చారు. ప్రభుత్వం మీద నమ్మకం పోయినా తోటి మనిషి మీద బాధ్యత పోలేదు. దేశభక్తి గురించి ఎవరు ఉపన్యాసం చెప్పినా నాకు ఆ ట్యూబుల మీద వచ్చిన పిల్లలే గుర్తొస్తారు.

ప్రభుత్వాన్ని నమ్మకపోతే దేశాన్ని ప్రేమించనట్టేనా? ఈ ప్రశ్న ఇప్పుడు తరచుగా, కొంచెం బెదిరింపుగా కూడా వినిపిస్తోంది. విజయవాడ వాళ్లకు దీని జవాబు ఊళ్లోనే ఉంది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలు జరిగాయి. పింగళి వెంకయ్య తాను తయారుచేసిన జెండా నమూనాను గాంధీకి ఇచ్చింది అప్పుడే. ఆ సమావేశాలు జరిగిన విక్టోరియా జూబిలీ మ్యూజియమే ఇప్పటి బాపు మ్యూజియం. ఆ రోజుకు ఆ జెండా కింద ప్రభుత్వమంటూ ఏదీ లేదు. ఉన్న ప్రభుత్వం దానికి శత్రువు. మనది అని చెప్పుకోదగ్గ ప్రభుత్వం రావడానికి ఇంకా 26 ఏళ్లు పట్టింది. జెండా ముందు వచ్చింది, ప్రభుత్వం తర్వాత వచ్చింది. ఈ వరుసను మనం మర్చిపోతున్నాం. ఏ పార్టీ అధికారంలో ఉంటే ఆ పార్టీ, జెండా తన కోసమే పుట్టినట్టు మాట్లాడుతుంది.

చట్టం కూడా ఈ తేడాను చెబుతుంది. రాజ్యాంగంలో ప్రాథమిక విధులు మొదట్లో లేవు. 1976లో, ఎమర్జెన్సీ నడుస్తుండగా, 42వ సవరణతో 51-ఎ అధికరణం వచ్చింది. హక్కులు కట్టేసిన రోజుల్లో విధులు రాశారు. అలాంటి కాలంలో రాసిన ఆ జాబితాలో కూడా ప్రభుత్వాన్ని నమ్మాలని గానీ, పొగడాలని గానీ ఎక్కడా లేదు. రాజ్యాంగాన్ని పాటించు, జెండాను గౌరవించు, ప్రజల ఆస్తిని కాపాడు, నదులనూ చెరువులనూ చూసుకో అని ఉంది. శాస్త్రీయ దృష్టిని, తెలుసుకోవాలనే తత్వాన్ని పెంచుకో అని కూడా ఉంది. అంటే ప్రశ్నించడం హక్కుల ఖాతాలోనే కాదు, విధుల ఖాతాలో కూడా ఉంది. 1962లో కేదార్‌నాథ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, హింసకు రెచ్చగొట్టనంత వరకు ప్రభుత్వాన్ని ఎంత గట్టిగా విమర్శించినా రాజద్రోహం కాదని తేల్చింది.

అంతమాత్రాన అపనమ్మకం ఒక్కటి ఉంటే చాలు, పని అయిపోయినట్టేనని నేను అనను. మా ప్రాంతం చరిత్ర నాకు నేర్పింది వేరు.

చీరాల, పేరాల అప్పట్లో గుంటూరు జిల్లాలోవి. ఆ రెండు ఊళ్లనూ కలిపి ప్రభుత్వం మునిసిపాలిటీ చేసింది, పన్నులు పెంచింది. నేతగాళ్లు, చిన్నచిన్న బతుకులవాళ్లు ఎక్కువగా ఉన్న ఊళ్లవి. మునిసిపాలిటీ మాకొద్దన్నారు. ఎవరూ వినలేదు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో వేలమంది ఇళ్లకు తాళాలు వేసి, మునిసిపల్ హద్దు దాటి, రామ్‌నగర్ అని పేరు పెట్టుకుని పాకలు వేసుకున్నారు. దాదాపు 11 నెలలు అక్కడే ఉన్నారు. హద్దు లోపల ఉంటేనే కదా ఆ పన్ను! ఎండలో, వానలో ఒక ఊరికి ఊరే చేసిన త్యాగం అది. దుగ్గిరాలను జైల్లో పెట్టారు. ఆయన తయారుచేసిన రామదండు వాలంటీర్లే ఆ పాకల ఊరికి ఆసరా. ప్రభుత్వాన్ని కాదన్నవాళ్లు క్రమశిక్షణను కాదనలేదు.

ఆ తర్వాత కొద్ది నెలలకే గుంటూరు పక్కన పెదనందిపాడు కదిలింది. పర్వతనేని వీరయ్య చౌదరి ముందుండి నడిపిన పన్నుల నిరాకరణ అది. గ్రామాధికారులు ఉద్యోగాలు వదిలేశారు. పన్ను కట్టనివాళ్ల సొత్తును ప్రభుత్వం జప్తు చేసి వేలం పెడితే పాడుకోవడానికి మనిషి రాలేదు. నన్ను కదిలించే సంగతి ఇంకొకటి ఉంది. ఉద్యోగులు తప్పుకుంటే ఊళ్లో కాపలా ఎవరు కాయాలి? దానికోసం శాంతిసేన పెట్టుకున్నారు. ఎక్కడా చెయ్యి లేవకూడదని కట్టుదిట్టం చేసుకున్నారు. 1922 ఫిబ్రవరిలో ఉద్యమం ఆగిపోయింది. అదే నెలలో పల్నాడులో పుల్లరి, అంటే అడవిలో పశువులు మేపుకునే పన్ను, కట్టనన్న కన్నెగంటి హనుమంతును కాల్చి చంపారు.

ఆ తరానికి ప్రభుత్వాన్ని ఎంచుకునే వీలు లేదు. మనకు ఉంది. అందుకే పన్ను కట్టననడం వాళ్లకు ధర్మమైంది, మనకు కాదు. మనం కట్టిన పన్నుకు లెక్క అడగడం మన వంతు. ఆ పని మనం చేస్తున్నామా?

2024 ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లో 81 శాతానికి పైగా ఓట్లు పడ్డాయి. హైదరాబాద్ నుంచి బస్సుల్లో నిలబడి మరీ వచ్చి ఓటేశారు. అది చిన్న విషయం కాదు. కానీ ఓటేశాక మన అపనమ్మకానికి పార్టీ రంగు వస్తుంది. మనోళ్లు గెలిస్తే ప్రభుత్వం చెప్పిందల్లా నిజం. వాళ్లు గెలిస్తే రోడ్డు మీద గుంత పూడ్చినా మోసమే. ఆందోళనకు పిలుపు ఇచ్చిన రోజుకు ముందు రాత్రే నాయకుల ఇళ్ల దగ్గర పోలీసులు నిలబడటం, గృహ నిర్బంధాలు, టోల్ గేట్ల దగ్గర బస్సులు ఆపడం బెజవాడలో కొత్త కాదు. ఒక పార్టీ కనిపెట్టిందీ కాదు. 2022 ఫిబ్రవరి 3న పీఆర్సీ (వేతన సవరణ) మీద ప్రభుత్వ ఉద్యోగులు చలో విజయవాడ అన్నప్పుడు అదే జరిగింది, అయినా బీఆర్‌టీఎస్ రోడ్డు నిండిపోయింది. అప్పుడు ఇది అన్యాయమన్నవాళ్లు, ప్రభుత్వం మారాక అంగన్‌వాడీ అమ్మలనో నిరుద్యోగులనో ఆపితే అంతే గట్టిగా మాట్లాడాలి. అలా మాట్లాడేవాళ్లు నాకు చాలా తక్కువగా కనిపిస్తున్నారు. ఈ మౌనం నాకు చాలా బాధ.

ఇంకో రకం అపనమ్మకం ఉంది. "ఎవరొచ్చినా అంతేలే" అనేది. వినడానికి అనుభవంతో అన్నట్టు ఉంటుంది. నిజానికి అధికారంలో ఉన్నవాళ్లకు ఇంతకంటే హాయైన మాట లేదు. అడిగేవాడు ముందే చేతులెత్తేశాడు కాబట్టి.

వరద సాయం కింద గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లకు 25 వేలు, పై అంతస్తులకు 10 వేలు ప్రకటించారు. జాబితాలో మా పిన్ని పేరు లేదు. నష్టం లెక్క రాసే ఎన్యుమరేషన్ వాళ్లు వచ్చినప్పుడు ఇంట్లో తాళం ఉందని రాసుకున్నారట. నీళ్లలో ఉన్న ఇంటికి తాళం వేసి ఎటు పోతారు? అర్జీ పట్టుకుని వాళ్లబ్బాయి ఒక కార్యాలయానికి వెళ్తే అక్కడి మనిషి కాగితం చూడకముందే అడిగిన మాట: "మీరు ఎవరి తాలూకు?" ఏ నాయకుడి మనుషులు అని. రోడ్డు గురించి అడిగినా, రేషన్ గురించి అడిగినా, పెన్షన్ గురించి అడిగినా ఇదే మాట. పౌరుడు అనే మనిషి ఒకడు ఉంటాడని, వాడికి ఎవరి తాలూకూ కానక్కర్లేదని ఆ కుర్చీకి తెలియదు. దానికి సగం కారణం మనమే. ఇన్నేళ్లూ ఎవరో ఒకరి తాలూకు మనిషిగానే ఆ కుర్చీ ముందుకు వెళ్లాం.

కాగితం మీద పెట్టిన అపనమ్మకానికి బలం ఉంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ పెట్టారు. దేశానికి దారి చూపిన పని అది. మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు), కొలతల పుస్తకాలు ఊరి మధ్యకు తెచ్చి, ఈ పేరున్న మనిషి నిజంగా పనికి వచ్చాడా అని చదివి వినిపించేవాళ్లు. ప్రభుత్వమే నన్ను నమ్మకండి, చూసుకోండి అని చెప్పినట్టు. అమరావతిలో 29 గ్రామాల రైతులు 2015లో 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చారు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చాక శిబిరాల్లో ఏళ్ల తరబడి కూర్చున్నారు. రాజధాని ఎక్కడ ఉండాలన్న దాని మీద మీ అభిప్రాయం ఏదైనా కావచ్చు. కోర్టులో వాళ్లు చూపించింది మాత్రం సంతకాలున్న ఒప్పందాలు. 2022 మార్చి 3న హైకోర్టు తీర్పు ఆ కాగితాల వైపు నిలబడింది. ఇప్పుడు రెండో విడత భూసమీకరణ దగ్గర కూడా అవే ప్రశ్నలు, అదే గొంతుతో అడగాలి. అప్పుడే మొదటి ప్రశ్నలకు విలువ.

ఒక మాట మన గురించి కూడా చెప్పుకోవాలి. బుడమేరును విజయవాడ దుఃఖదాయిని అంటారు. 2005లోనూ ముంచింది. కొల్లేరు దాకా దాని దారి పొడుగునా దశాబ్దాలుగా ఆక్రమణలు పెరిగాయి. అన్ని ప్రభుత్వాలూ చూసీ చూడనట్టు ఉన్నాయి. కానీ ఆ స్థలాలు కొన్నది, ప్లాను లేకుండా అంతస్తులు లేపింది మనమే. ఏలూరు కాలువలో, బందరు కాలువలో చెత్త కవర్లు విసిరేది మనమే. ప్రభుత్వాన్ని నమ్మనివాడు ఇంకా జాగ్రత్తగా ఉండాలి కదా. వాళ్లు కాపాడరని తెలిసినప్పుడు వాగు దారి మనమే కాపాడుకోవాలి.

పిన్నికి డబ్బులు తర్వాతి జాబితాలో పడ్డాయి. కింది వాటాలో అద్దెకున్న కుటుంబానికి పడలేదు. వాళ్లు ఊరు మారిపోయారు. పిన్ని మాత్రం ఊరుకోలేదు. పదో తరగతి దాకా చదివిన మనిషి, మేడ మీద గడిపిన ఆ రాత్రి ఇంకా మర్చిపోలేదు. ఈమధ్య సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు తనే రాసింది. పది రూపాయల ఫీజు, నాలుగే ప్రశ్నలు. బుడమేరు కట్ట మా వైపు ఎంత దూరం బాగు చేశారు, ఎంత ఖర్చు పెట్టారు, పని ఎవరికి ఇచ్చారు, గండి పడితే మాకు ఎవరు, ఎలా చెబుతారు. దరఖాస్తు కింద తన పేరు, డోర్ నంబరు రాసింది. ఎవరి తాలూకో రాయలేదు. 30 రోజుల గడువులో ఇంకా 11 రోజులు ఉన్నాయి.