గొరిల్లా టికెట్టులో ఊరి వాటా

ఉగాండాలోని బ్విండీ అడవిలో పర్వత గొరిల్లాలను చూడటానికి విదేశీ యాత్రికుడు పర్మిట్‌కు 800 డాలర్లు కడతాడు. చూడనిచ్చేది ఒక్క గంట. ఒక్కో గొరిల్లా గుంపు దగ్గరకు రోజుకు ఎనిమిది మందినే పంపుతారు. ఆ 800లో గొరిల్లా లెవీ పేరుతో అడవి అంచు ఊళ్లకు చేరేది 10 డాలర్లు. పార్కు ఆదాయంలో 20 శాతం ఊళ్లకు ఇవ్వాలని చట్టం ఉంది కదా అనవచ్చు. అది గేటు దగ్గర కట్టే ప్రవేశ రుసుముకే గానీ, అసలు డబ్బు వచ్చే పర్మిట్‌కు కాదు. ఈ లెక్క మారి తీరాలి.

గొరిల్లా టూరిజం మేలు చేయలేదని మేం అనడం లేదు. 1993లో బ్విండీలో అది మొదలయ్యాక కాపలాకు డబ్బొచ్చింది, వేట తగ్గింది. ఇక్కడా, ఉగాండా, రువాండా, కాంగో సరిహద్దులోని విరుంగా కొండల్లోనూ కలిపి పర్వత గొరిల్లాలు వెయ్యి దాటాయి. ఇంతకంటే సంతోషం ఏముంటుంది! కానీ గొరిల్లాకు పార్కు హద్దు తెలియదు. అరటి తోటలోకి వచ్చి బోదెలు చీల్చి తినిపోతుంది. రైతు దాన్ని కొట్టకూడదు. ఊరి వాలంటీర్లే ఓపిగ్గా అడవిలోకి మళ్లించాలి. ఆ ఏడాది పంట పోయిన ఇంటికి 10 డాలర్ల లెవీలో ఎంత దక్కుతుంది?

2020లో కోవిడ్‌తో యాత్రికులు ఆగిపోయారు. గైడ్లకు, సామాన్లు మోసే కూలీలకు పని పోయింది. ఆ జూన్‌లోనే చిన్న జంతువుల వేటకు వెళ్లిన ఒకతని చేతిలో రఫీకి అనే పెద్ద మగ గొరిల్లా చనిపోయింది. అతనికి 11 ఏళ్ల జైలు పడింది. శిక్షను మేం తప్పుపట్టం. అయితే ఊళ్లో తిండికి భరోసా లేకుండా అడవికి భరోసా ఉండదు. పశువైద్యురాలు గ్లాడిస్ కలెమా జికుసోకా బ్విండీ చుట్టుపక్కల కాఫీ రైతులకు మంచి ధర వచ్చే దారి చూపింది అందుకే.

అదే దేశంలో కిబాలె అడవి పక్కన బిగొడి అనే ఊరుంది. 1992లో ఊరివాళ్లే సంఘం పెట్టుకుని తమ చిత్తడి నేలను కాపాడుకున్నారు. ఎనిమిది రకాల కోతులు, ఎన్నో పక్షులు అక్కడ ఉంటాయి. చూపించే గైడ్లు ఊరివాళ్లే, టికెట్టు డబ్బు సంఘానిదే. ఆ డబ్బుతో హైస్కూలు కూడా నడిపారు. చిత్తడి ఎండిపోతే తమ పిల్లల బడి ఆగిపోతుందని అక్కడి వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

బ్విండీలో అందరికంటే ఎక్కువ నష్టపోయింది బత్వాలు. తరతరాలుగా ఆ అడవిలోనే బతికినవాళ్లను 1991లో పార్కు ప్రకటించి బయటికి పంపేశారు. వాళ్లకు తగిన పరిహారం అందలేదని 2021లో ఉగాండా రాజ్యాంగ కోర్టే గుర్తించింది. ఇప్పుడు చాలామంది వేరేవాళ్ల పొలాల్లో కూలికి పోతూ, యాత్రికుల ముందు నాట్యం చేస్తూ రోజులు గడుపుతున్నారు. పర్మిట్ ధరలోనే ఊళ్లకు శాతం వాటా పెట్టాలి. అందులో మొదటి భాగం బత్వాలకు, అదీ వాళ్ల పేరు మీద పట్టా ఉన్న సాగుభూమిగా ఇవ్వాలి.