తొమ్మిది మంది, ఒకటే మీసం

మొన్న ఆదివారం విజయనగరంలో మా పదో తరగతి బ్యాచ్ కలిసింది. రెండ్రోజుల ముందు కన్వీనర్‌గాడు ఫోన్ చేసి, "పేరూ ఊరూ ఫోటో పెట్టడానికి వెబ్‌లో ఓ ఫారం చేసీరా, నీకు పది నిమిషాల పని" అన్నాడు. మర్నాడు ఇంకో హుకుం: "పాత ఫోటోలొద్దు, అప్పటికప్పుడు తీసిన సెల్ఫీయే ఉండాలి."

చేశాను. ఫారం వెనక సర్వర్‌లో పనిచేసే ప్రోగ్రామింగ్ భాష పీహెచ్‌పీ మామూలుగా 2 ఎంబీ దాటిన ఫైలు తీసుకోదు కదా, దాన్ని 10కి పెంచాను. ఫోటో ఫైలు కూడా వెళ్ళాలంటే ఫారంలో ఉండాల్సిన 'మల్టీపార్ట్' అనే మాట రాయడం కూడా మర్చిపోలేదు. నన్ను చూసి నాకే ముచ్చటేసింది.

సర్వర్‌కి వచ్చిన ఫైలు ముందు ఓ మూల తాత్కాలికంగా కూర్చుంటుంది. మన ఫోల్డర్‌లోకి మనమే పిలుచుకురావాలి. పిలుచుకొచ్చాను, ఏ పేరుతో వస్తే ఆ పేరుతోనే. నా ఆండ్రాయిడ్ ఫోటోకి తేదీ, టైము కలిపి పేరు పెడుతుంది కాబట్టి టెస్టింగ్‌లో ఏ గొడవా లేదు. ఐఫోన్‌లో అక్కడికక్కడే తీసి పంపితే మాత్రం అందరి ఫోటో పేరూ ఇమేజ్ డాట్ జేపీజీయే. ఆ పేరుతో ఒకటి ఉండగా ఇంకోటి వస్తే పీహెచ్‌పీ కిక్కురుమనదు. పాతదాన్ని లేపేసి కొత్తదాన్ని కూర్చోబెడుతుంది.

ఐఫోన్ల వాళ్ళు తొమ్మిది మంది. ఆఖరున పంపింది బొబ్బిలివాడు. తాండ్ర పాపారాయుడి ఆస్తిలో తనకి వాటాగా వచ్చిందన్నట్టు పెంచాడు మీసం.

తెర మీద వాడి పేరు, వాడి మీసం. చప్పట్లు. తర్వాత కెనడాలో ఉన్నవాడి పేరు, అదే మీసం. నవ్వులు. ఆ తర్వాత మా క్లాస్ ఫస్ట్ అమ్మాయి పేరు, కింద 'గృహిణి, ఇద్దరు పిల్లలు', పైన మీసం. ఆవిడ భర్త మూడో వరసలో ఉన్నాడు. తెర వంక ఓసారి, భార్య వంక ఓసారి చూసి, నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు: "ఈయనెవరండీ?" కొడుకు కొనిచ్చిన ఐఫోన్‌తో ముచ్చటపడి సెల్ఫీ పంపిన లెక్కల మాస్టారి పేరు కిందా అదే మీసం. ఆయన కళ్ళజోడు సర్దుకుని, "నానింత లావైపోనానేట్రా?" అన్నారు. 1757లో బొబ్బిలి కోట పడిపోయిందంటారు గానీ, ఆదివారం సాయంత్రం విజయనగరం మొత్తాన్నీ ఆ మీసం ఆక్రమించేసింది.

కన్వీనర్ మైకులో "సాంకేతిక లోపం" అని నా పేరు రెండుసార్లు చెప్పాడు. సెల్ఫీ ఐడియా ఎవరిదో ఒక్కసారీ చెప్పలేదు.

బొబ్బిలివాడు మాత్రం ఆ స్లైడ్లు పంపమని పొద్దుట్నుంచి మూడుసార్లు ఫోన్ చేశాడు.