జబ్బు పడటానికీ ఓ పద్ధతుంది

పేదింటి పిల్లల వైద్యం గురించి ప్రభుత్వాలను తిట్టడం మనకో అలవాటైపోయింది. ప్రభుత్వాలు తమ వంతు ఎప్పుడో చేసేశాయి. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో పేదలకు ఆస్పత్రి ఖర్చు భరించే ఆరోగ్యశ్రీ పథకం మొదలైనప్పుడు తెల్లకార్డున్న కుటుంబానికి ఏడాదికి లక్షన్నర దాకా, మరీ అవసరమైతే ఇంకో యాభై వేలు అన్నారు. తర్వాత అది ఐదు లక్షలకు చేరింది. 2023 డిసెంబరులో, ఒక్క నెలలోనే, తెలంగాణలో 10 లక్షలూ ఆంధ్రప్రదేశ్‌లో 25 లక్షలూ అయింది. ఇంతకన్నా ఎవరేం చేస్తారు? లోపమంతా పిల్లల్లోనే ఉంది. వాళ్లకి పద్ధతిగా జబ్బు పడటం రాదు.

తెలంగాణ జాబితాలో 1,800కు పైగా చికిత్సలున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 3,257. ఇన్ని వేల రకాలు ఎదురుగా పెట్టి ఎంచుకోమంటే ఈ పిల్లలు ఏం ఎంచుకుంటున్నారు? దగ్గు. విరేచనాలు. చెవిపోటు. పొట్టలో నులిపురుగులు. ఆస్పత్రిలో పడుకోబెట్టాల్సినంత పెద్దవి కాక, ఓపీలో చూపించుకుని, సిరప్ రాయించుకుని ఇంటికి పోయే బాపతు. ఓపీ మందుల ఖర్చు పథకంలోకి రాదని వాళ్లకి ఎవరైనా చెప్పొద్దూ? గుండెకు చిల్లుతో పుట్టిన బిడ్డను చూడండి, ఎంత క్రమశిక్షణ! అలాంటి పిల్లలను ఈ పథకం వేల మందిని బతికించింది. ఆ మాట మాత్రం వెటకారం కాదు, ఆ తల్లుల ముందు నేనూ చేతులు జోడిస్తాను. కానీ మిగతా పిల్లలు వాళ్లను చూసి నేర్చుకోవాలి కదా.

2020 జనవరిలో పశ్చిమ గోదావరి జిల్లాలో ఇంకో సౌకర్యం మొదలుపెట్టారు. వైద్యం ఖర్చు వెయ్యి రూపాయలు దాటితే చాలు, ఆరోగ్యశ్రీ వర్తిస్తుందన్నారు. అంటే తొమ్మిది వందల యాభై దగ్గర ఆగిపోయే జ్వరం తెచ్చుకున్న పిల్లాడిది కేవలం బద్ధకం. ఇంకో రెండు రోజులు ఓపిక పడితే, దగ్గు చిలికి చిలికి న్యుమోనియా అయితే, అప్పుడు దానికో ప్యాకేజీ, ఓ కోడ్ నంబరు, ఓ మంచం. తల్లులే తొందరపడి చెడగొడుతున్నారు. ఎగశ్వాస మొదలు కాకముందే పిల్లాణ్ని చంకనేసుకుని పరిగెత్తి, నెబులైజర్ పెట్టించి, పథకానికి అందకుండా నయం చేయించేస్తున్నారు.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో (పీహెచ్‌సీ) అన్నీ ఉచితమే కదా అంటారు. ఉచితమే. అయితే ఈ పిల్లలకి జ్వరం రాత్రి పదకొండింటికి వస్తుంది. డాక్టరుగారు ఉండే వేళ చూసుకుని ఒళ్లు కాలడం ఎంతసేపు పని? అలా చెయ్యరు. దాంతో ఊళ్లో ఆర్‌ఎంపీ తలుపు కొట్టడం, ఓ ఇంజెక్షను, తగ్గకపోతే తెల్లారి టౌనులో పిల్లల డాక్టరు, రక్తపరీక్షలు, మూడు రకాల సీసాలు. చెవి కమ్మలు కుదువకొట్టుకి పోతాయి. పాతిక లక్షల కార్డు మాత్రం గూట్లో భద్రంగానే ఉంటుంది.

రక్తహీనతదీ ఇదే తంతు. 2019–21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో తెలంగాణలో 70 శాతం మందికీ, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం మందికీ రక్తం తక్కువ. ఇంతమంది కలిసికట్టుగా ఒకే జబ్బు తెచ్చుకుని, దాన్ని ఆపరేషన్ దాకా తీసుకెళ్లలేకపోవడం విచారకరం.

అర్హమైన జబ్బే తెచ్చుకున్నా కాగితాల సంగతి పిల్లలకు పట్టదు. తెలంగాణలో రేషన్ కార్డులో పేర్లు ఎక్కించే పని ఏళ్ల తరబడి నిలిచిపోయి 2025లో గానీ ఊపందుకోలేదు. ఈలోపు పుట్టడం మానుకోవచ్చుగా? పుట్టేశారు. ఇక ఆస్పత్రిలో పథకం కాగితాలు చూసే ఆరోగ్యమిత్ర బల్ల ముందు చూడండి: పిల్లాడి చేతికి కాన్యులా, అది కదలకుండా కట్టిన అట్టముక్క, తల్లి చేతిలో కార్డు జిరాక్సు, నీలం రంగు ఆధారు, జనన ధ్రువపత్రం. చెమటకు జిరాక్సు అంచులు మెత్తబడి ఉంటాయి. ‘అమ్మా, ఇంకా అప్రూవల్ రాలేదు, కూర్చోండి’ అంటాడతను. పాపం, అతను చెయ్యగలిగిందీ అంతే. పిల్లాడు మాత్రం ఏడుస్తూనే ఉంటాడు, ఆఫీసు పనులకు టైము పడుతుందన్న ఇంగితం లేకుండా.

ఇంకో పొరపాటు, బకాయిల సీజనులో జబ్బు పడటం. 2025 సెప్టెంబరులో తెలంగాణలోనూ, అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లోనూ ప్రైవేటు ఆస్పత్రులు తమకు రావాల్సిన డబ్బు రాలేదని సేవలు ఆపేశాయి. పిల్లలు పేపరు చదవరు కాబట్టి ఆ నెలల్లోనూ యథాప్రకారం జబ్బు పడ్డారు. పరిమితి పెంచాలంటే ఒక సంతకం, ఒక ఫ్లెక్సీ చాలు. బకాయి తీర్చాలంటే డబ్బే కావాలి, అది వేరే శాఖ.

పేరు విషయంలో మాత్రం ఏ ప్రభుత్వమూ లోటు చెయ్యలేదు. పథకంతోపాటే 2007లో పుట్టిన ఆంధ్రా కుర్రాడు పద్దెనిమిదేళ్లు నిండేలోపు రాజీవ్ ఆరోగ్యశ్రీని, ఎన్టీఆర్ వైద్య సేవను, వైఎస్సార్ ఆరోగ్యశ్రీని, మళ్లీ ఎన్టీఆర్ వైద్య సేవను చూశాడు. వాడికన్నా పథకానికే ఎక్కువసార్లు నామకరణం జరిగింది.

కేంద్రం 2024 అక్టోబరులో డెబ్భై దాటిన పెద్దలందరికీ, ఆదాయంతో పని లేకుండా, ఆయుష్మాన్ కార్డు ఇచ్చింది. మంచి పని. అదే దయ ఐదేళ్లలోపు వాళ్ల మీద చూపించి, సిరప్‌తో సహా ఓపీ ఖర్చు కూడా భరించవచ్చు కదా అని ఓ మిత్రుడు అడిగాడు. అమాయకుడు. డెబ్భై ఏళ్లాయన ఓటు వేసి వస్తాడు. ఐదేళ్లది ఆ క్యూలో అమ్మ చంకనెక్కి నిద్రపోతుంది.

డబ్బు సంగతీ ఉంది. పాతిక లక్షల పరిమితికి ఖజానా భయపడదు, ఎందుకంటే అంతదాకా వెళ్లేవాళ్లు ఊరికి ఒకరుండటమే కష్టం. రెండు వందల సిరప్ అలా కాదు, వానాకాలం వస్తే ఇంటింటికీ కావాలి, అదీ నిజమైన డబ్బుతో. అందుకే వచ్చే ఎన్నికలకు పరిమితిని కోటి రూపాయలు చెయ్యాలని నా సలహా. రెండు కోట్లన్నా అభ్యంతరం లేదు. సిరప్ జోలికి మాత్రం పోవద్దు.