ఇథియోపియా పల్లె దారులు: వేసింది ప్రభుత్వం, మోస్తున్నది ఊరు

2024 జులై 22న దక్షిణ ఇథియోపియాలోని గోఫా ప్రాంతంలో, భారీ వానలకు నానిన కొండచరియ విరిగి ఒక ఊరి ఇళ్ల మీద పడింది. విన్నవాళ్లు విన్నట్టే పలుగూ పారా అందుకుని పరుగెత్తారు. ఇరుగుపొరుగువాళ్లతో పాటు ఉపాధ్యాయులు, ఆరోగ్య సిబ్బంది, స్థానిక అధికారి కూడా వారిలో ఉన్నారు. వాళ్లు మట్టి తవ్వుతుండగానే రెండో చరియ విరిగిపడింది. మొత్తం 200 మందికి పైగా చనిపోగా, వారిలో చాలామంది ఇతరులను కాపాడటానికి వెళ్లినవారే. ఆ రోజుల్లో వచ్చిన ఫొటోల్లో ఎర్రమట్టి వాలు మీద వందలమంది నిలబడి చేతులతో, పారలతో తవ్వుతూ కనిపిస్తారు.

ప్రపంచానికి అది ఒక ప్రకృతి విపత్తు. ఇథియోపియా గ్రామీణ జీవితాన్ని గమనిస్తున్నవారికి మాత్రం అందులో కొత్తగా కనిపించేది మృతుల సంఖ్య ఒక్కటే. ఆపద వస్తే ముందు చేరేది పొరుగువాడేనన్నది అక్కడ తరతరాలుగా ఉన్నదే. సాయం పంపే ప్రభుత్వానికీ అందుకోవాల్సిన ఊరికీ మధ్య చివరి కొద్ది కిలోమీటర్లలో దారి ఉండదు, ఉన్నా వానాకాలంలో పనిచేయదు. ఆ లోటును ఊరి జనం తమ ఒళ్లు వంచి, తమ చందాలు కూడేసి పూడుస్తున్నారు. పేదరిక నిర్మూలన గురించి ఎన్ని పథకాలు రాసినా, ఈ భారం ఎవరి మీద పడుతోందన్న ప్రశ్నను వదిలేస్తే ఆ రాతలకు అర్థం లేదు.

ఇథియోపియా ప్రభుత్వాలు రోడ్లను పట్టించుకోలేదని అనడం అన్యాయం. 1997లో రహదారుల అభివృద్ధి కార్యక్రమం మొదలైనప్పుడు దేశమంతటా ఉన్న రోడ్లు దాదాపు 26 వేల కిలోమీటర్లు. 2015 నాటికి అవి లక్ష కిలోమీటర్లు దాటాయి. ప్రతి కెబెలెకూ, అంటే మన గ్రామ పంచాయతీ లాంటి అట్టడుగు పాలనా విభాగానికి, అన్ని కాలాల్లోనూ నడిచే రోడ్డు వేయాలని 2010 తర్వాత ఒక భారీ పథకం చేపట్టి, ఇంజనీరింగ్ చదివిన యువకులను చిన్న కాంట్రాక్టు బృందాలుగా కూర్చి పనులు అప్పగించారు. అంత పేద దేశం ఇంత తక్కువ కాలంలో ఇంత దూరం రోడ్లు వేయడం సామాన్యమైన విషయం కాదు. అయినా 2016లో ప్రపంచ బ్యాంకు వెలువరించిన అంచనా ప్రకారం, అన్ని కాలాల్లో నడిచే రోడ్డుకు రెండు కిలోమీటర్ల లోపు నివసిస్తున్న గ్రామీణులు ఇథియోపియాలో సుమారు 22 శాతమే. పొరుగున ఉన్న కెన్యాలో అదే లెక్క 56 శాతం, బంగ్లాదేశ్‌లో 87 శాతం. నిడివి నాలుగింతలైనా ఐదుగురు పల్లెవాసుల్లో నలుగురికి రోడ్డు దూరంగానే ఉండిపోయిందంటే, వేసిన కిలోమీటర్లకూ నిలిచిన కిలోమీటర్లకూ తేడా ఉందని గ్రహించాలి.

ఆ తేడాకు మూలం నేలలో, వానలో ఉంది. ఇథియోపియా పీఠభూమిని లోతైన లోయలు చీల్చుకుంటూ పోతాయి, ఎదురుగా కనిపించే ఊరికి పోవాలంటే లోయలోకి దిగి మళ్లీ ఎక్కాలి. కోటి హెక్టార్లకు పైగా నల్లరేగడి నేల ఉంది. కర్నూలు, ఆదిలాబాద్ రైతులకు ఆ మట్టి స్వభావం చెప్పనక్కర్లేదు: ఎండలో నెర్రెలు విచ్చి, వానలో ఉబ్బి, బండి చక్రాన్ని ఇరుసు దాకా మింగేస్తుంది. దాని మీద పలుచగా పరిచిన గ్రావెల్, పక్క కాలువ లేకపోతే రెండు వానాకాలాలకు మించి ఆగదు. తూము కట్టాల్సిన చోట కట్టకపోతే మొదటి వరదకే గండి పడుతుంది. లెక్కల్లో అది రోడ్డుగానే మిగులుతుంది, లారీ డ్రైవరు మాత్రం ఆ గండి దగ్గర బస్తాలు దించి వెనక్కి తిప్పుకుంటాడు.

కిరెమ్ట్ అని పిలిచే పెద్ద వానలు జూన్ నుంచి సెప్టెంబరు దాకా కురుస్తాయి. ప్రధాన పంట అక్టోబరు తర్వాత గానీ చేతికి రాదు. అంటే గాదెలో గింజలు అడుగంటి, కొత్త పంట ఇంకా పొలంలోనే ఉండి, ఇంట్లో తిండికి కటకటలాడే నెలలూ, దారులు తెగిపోయే నెలలూ ఒకటే. మలేరియా విజృంభించేది కూడా ఆ వానల చివర్లోనే. ఏడాది సగటు తీసుకుని లెక్కలు కట్టే నిపుణులకు ఈ కష్టం కనబడదు. ఏ నెలలో మనిషికి రోడ్డు ఎక్కువ అవసరమో ఆ నెలలోనే అది ఉండదు.

2001–02లో జరిగింది దీనికి చేదు ఉదాహరణ. మంచి వానలు పడి, మెరుగైన విత్తనాలూ ఎరువులూ అంది, పశ్చిమాన, దక్షిణాన మొక్కజొన్న విరగపండింది. సరుకు మిగులు ప్రాంతం నుంచి కొరత ప్రాంతానికి చేర్చే రవాణా లేదు, గిడ్డంగులు లేవు, కొనేవాడు లేడు. ధర ఎంతగా పడిపోయిందంటే కోత కూలి కూడా గిట్టక పంటను పొలంలోనే వదిలేసిన రైతులున్నారు. ఎరువు అప్పు తీర్చలేక మరుసటి ఏడు విత్తనం తగ్గించారు. ఆ ఏడే వానలు మొహం చాటేశాయి. 2003లో కోటీ ముప్పై లక్షల మందికి ఆహార సాయం కావాల్సి వచ్చింది. అధిక దిగుబడికీ ఆకలికీ మధ్య ఏడాది దూరమే ఉంది. ఆ ఏడాదిలో దేశానికి లేనిది గింజలను కదిలించగల దారి, వాటిని కొని నిలవ చేయగల మార్కెట్టు.

ఆర్థికవేత్త స్టీఫాన్ డెర్కాన్, ఆయన సహచరులు ఇథియోపియాలోని 15 గ్రామాలను ఏళ్ల తరబడి గమనించి 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. అన్ని కాలాల రోడ్డు అందుబాటులోకి వచ్చిన చోట పేదరికం 6.9 శాతం పాయింట్లు తగ్గిందని వారు తేల్చారు. దీన్ని తరచూ ఉదహరిస్తారు గానీ, అదే అధ్యయనంలోని రెండో మాటను చాలామంది వదిలేస్తారు: వ్యవసాయ విస్తరణాధికారి కనీసం ఒక్కసారి వచ్చి వెళ్లిన కుటుంబాల్లో పేదరికం 9.8 పాయింట్లు తగ్గింది. రోడ్డుతో పాటు దాని మీద నడిచి వచ్చే మనిషి కూడా ముఖ్యమని దీనర్థం. మన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనపై ఆర్థికవేత్తలు ఆషర్, నొవొసాద్ 2020లో ప్రచురించిన పరిశోధన కూడా ఇదే హెచ్చరిక చేసింది. రోడ్డు పడ్డ ఊళ్లలో కూలీలు సేద్యం వదిలి బయటి పనులకు పోగలిగారు గానీ, నాలుగేళ్ల తర్వాత చూసినా ఇంటి ఆస్తుల్లో, ఖర్చులో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. కాబట్టి రోడ్డు వేయగానే పేదరికం పోతుందన్న ప్రచారాన్ని నేను నమ్మను. రోడ్డు లేకపోతే మాత్రం మిగతా ఏ ప్రయత్నమూ ఊరి దాకా రాదు.

ఆరోగ్య రంగంలో ఇది మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ఇథియోపియా గ్రామాల్లో రోగిని మోసే కర్ర మంచాన్ని కరేజా అంటారు. రెండు పొడవాటి కర్రలు, మధ్యలో తాళ్ల అల్లిక, దాని మీద ఒక దుప్పటి. నొప్పులు మొదలైన గర్భిణిని అందులో పడుకోబెట్టి, ఊరి మగవాళ్లు వంతులవారీగా భుజం మార్చుకుంటూ రోడ్డు దాకా మోస్తారు. అల్లూరి జిల్లా కొండల్లో డోలీ మోతను చూసిన తెలుగు పాఠకుడికి ఇంతకు మించిన వివరణ అక్కర్లేదు. 2000లో ఆ దేశంలో ప్రతి లక్ష జననాలకు 871 మంది తల్లులు చనిపోయేవారు, 2016 సర్వే నాటికి ఆ సంఖ్య 412కు తగ్గింది. ఆసుపత్రి కాన్పులు 2011లో పదింట ఒకటి కాగా, 2019 నాటికి దాదాపు సగమయ్యాయి. 2003 తర్వాత ప్రతి కెబెలెలో ఇద్దరు చొప్పున నియమించిన మహిళా ఆరోగ్య కార్యకర్తలకు ఇందులో పెద్ద వాటా దక్కాలి. నెలలు నిండిన వారిని ముందే ఆరోగ్య కేంద్రం పక్కకు చేర్చి ఉంచే నిరీక్షణ గృహాలకూ దక్కాలి. చాలాచోట్ల ఆ గృహాలను కట్టింది ఊరివాళ్లే. అక్కడుండే తల్లులకు పిండీ పప్పులూ, వంట చెరకూ తెచ్చిచ్చేదీ వాళ్లే. లేని రోడ్డుకు బదులుగా పుట్టిన ఏర్పాటు అది.

ఈ ఏర్పాట్లన్నిటి వెనుకా ఉన్నది ఇద్దిర్. మొదట ఇది చావు ఖర్చుల కోసం పెట్టుకున్న సంఘం. నెలనెలా చందా కట్టిన సభ్యుడి ఇంట్లో ఎవరైనా పోతే డబ్బు, గుడారం, వంట పాత్రలు, మోయడానికి మనుషులు అన్నీ సంఘమే చూసుకుంటుంది. హాజరు పట్టీ ఉంటుంది, రానివారికి జరిమానా ఉంటుంది. రోగిని మోయడం, మంచానికి కర్రలు సిద్ధంగా ఉంచడం ఎన్నో చోట్ల ఇద్దిర్ విధుల్లో చేరాయి. మన చిట్టీల వంటి ఎకుబ్, ఒకరి పొలానికి ఒకరు వెళ్లి చేసుకునే దెబో ఈ అల్లికలోని మిగతా పోగులు.

ఇవి చావులకే పరిమితమైన చిన్న సంఘాలని తీసిపారేయకూడదు. 1960ల ఆరంభంలో గురాగే ప్రాంతంవారు చేసిన పని ఇథియోపియా చరిత్రలో నిలిచింది. అడిస్ అబాబాలోని మెర్కాటో బజారులో మూటలు మోస్తూ, బూట్లు తుడుస్తూ, చిన్న దుకాణాలు నడుపుతూ బతికిన గురాగే వలస జీవులు తమలో తాము చందాలు వేసుకుని సొంత ప్రాంతానికి రోడ్లు వేయడానికి ఒక సంఘం పెట్టారు. ఎవరో వచ్చి వేస్తారని ఎదురుచూడలేదు. డబ్బు తామే సమకూర్చుకుని, ప్రభుత్వ రహదారుల శాఖను తమ వెంట నడిపించారు. తర్వాత ఆ దారుల వెంటే బడులు, చిన్న పట్నాలు ఎదిగాయి.

బయటి సాయం కూడా ఇలాంటి పునాది దొరికిన చోటే నిలిచింది. నీలి నైలు మీద 17వ శతాబ్దంలో కట్టిన ఒక రాతి వంతెన 1930ల్లో ఇటలీ దండయాత్ర కాలంలో నడుమ తెగిపోయింది. ఆ ఖాళీ మీదుగా జనం దశాబ్దాల పాటు తాడు పట్టుకుని వేలాడుతూ, అటూ ఇటూ నిలబడ్డ మనుషులు లాగుతుంటే దాటేవారు. 2001లో ఆ దృశ్యం ఫొటోలో చూసిన ఒక అమెరికన్ నిర్మాణదారుడు మరుసటి ఏడు ఊరివాళ్లతో కలిసి దాన్ని అతికించాడు. పల్లెలకు కాలి వంతెనలు కట్టే బ్రిడ్జెస్ టు ప్రాస్పెరిటీ సంస్థ పుట్టింది అలాగే. కొన్నేళ్లకే వరద ఆ అతుకును కొట్టుకుపోయింది. 2009లో వేలాడే కాలి వంతెన కట్టారు. ఒకసారి కట్టి వెళ్లిపోతే చాలదని ఆ సంస్థకు నేర్పింది నది.

ఇక్కడ ఒక అభ్యంతరాన్ని గట్టిగానే చెప్పాలి. ఊరి ఐక్యతను పొగడటం పాలకులకు సులువైపోయింది. ఇథియోపియాలో ఏటా వానలు లేని నెలల్లో గట్లు వేయడానికి, దారులు చదును చేయడానికి రైతు కుటుంబాల నుంచి రోజుల తరబడి ఉచిత శ్రమ తీసుకోవడం రివాజు. గ్రామీణ రోడ్ల పథకంలోనూ ప్రజల వాటా అంటే కూలి లేని శ్రమే. రోజు కూలి లేకపోతే పూట గడవని కుటుంబం ఇచ్చే ఆ శ్రమ, చేతిలో ఏమీ లేనివారి మీద వేసిన పన్ను. పట్నంలో తారు రోడ్డు మీద నడిచేవాడు దాని నిర్వహణకు ఒక్క రోజు కూడా పార పట్టడు. పల్లెవాసి మాత్రం తన రోడ్డును తానే వేసుకుని, తానే బాగుచేసుకోవాలనడం న్యాయం కాదు.

కూలి చెల్లించే మార్గం ఆ దేశంలో ఇప్పటికే ఉంది. 2005లో మొదలైన ఉత్పాదక భద్రతా వల పథకం ఏటా 70, 80 లక్షల మందికి పని చూపి ధాన్యమో నగదో ఇచ్చింది. మన గ్రామీణ ఉపాధి హామీ చట్టం కూడా అదే ఏడు వచ్చి, 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో అమలుకు శ్రీకారం చుట్టుకుంది. పని హక్కుగా చట్టంలో రాసుకోవడం మన దగ్గర తేడా, అక్కడ అది దాతల నిధుల మీద ఆధారపడ్డ పథకం. 2025లో అమెరికా తన సహాయ సంస్థను మూసేయడంతో ఆ ఆధారం ఎంత బలహీనమైందో తేలిపోయింది.

నిధులతో పాటు క్యాలెండరు కూడా తప్పుగా ఉంది. ఆ పథకం పనులు సాధారణంగా జనవరి నుంచి జూన్ దాకా సాగుతాయి. వానలు మొదలయ్యే వేళకు పనులు ఆగుతాయి. పక్క కాలువలో పూడిక తీయాల్సింది, తూముకు అడ్డుపడ్డ కొమ్మలు లాగేయాల్సింది, చిన్న గుంత పెద్ద గండి కాకముందే గ్రావెల్ వేయాల్సింది మాత్రం జులై, ఆగస్టుల్లో. ఆ నెలల్లో ఇద్దరు మనుషులు పారతో అరపూట చేసే పని చేయకపోవడం వల్ల మరుసటి ఏడు బుల్డోజరు రావాల్సి వస్తోంది. కెన్యా 1974లో గ్రామీణ రోడ్ల పథకం మొదలుపెట్టి, రోడ్డు పక్కన నివసించే ఒక్కో మనిషికి ఒకటి రెండు కిలోమీటర్ల చొప్పున నిర్వహణ అప్పగించి నెల నెలా కూలి ఇచ్చింది. బంగ్లాదేశ్‌లో 1980ల నుంచి నిరుపేద మహిళల బృందాలు మట్టి రోడ్లను కూలికి కాపాడాయి. రెండింటిలోనూ ఖరీదైన యంత్రం లేదు.

ఇథియోపియా చేయాల్సింది ఇదే. ఇంధనం మీద వసూలు చేసే సుంకంతో 1997 నుంచి నడుస్తున్న రోడ్డు నిధిలో ఒక స్థిరమైన వాటాను కెబెలె రోడ్లకు కేటాయించి, వానాకాలం నాలుగు నెలలకూ కూలి చెల్లించాలి. ఎవరికి పని ఇవ్వాలో ఇద్దిర్ పెద్దలు చెప్పాలి, లెక్కలు ఊరి సభలో చదవాలి. హాజరు పట్టీ, జరిమానా, జమాఖర్చు ఎలా నడపాలో ఆ సంఘాలకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఇద్దిర్‌ను పార్టీ యంత్రాంగం మింగేస్తుందన్న భయం నిజమే, గతంలో అలా జరిగింది కూడా. అందుకే డబ్బు సంఘం చేతికి కాకుండా కూలీల ఖాతాలకు నేరుగా పోవాలి. 2023 ఆగస్టు నుంచి సాయుధ ఘర్షణలో ఉన్న ఉత్తరాది అమ్హారా ప్రాంతంలో ఇది ఇప్పట్లో కుదరదు. గురాగేలో, సిదామాలో మాత్రం వచ్చే కిరెమ్ట్‌కు ముందే కొన్ని వొరెడాల్లో, అంటే మన మండలాల లాంటి విభాగాల్లో, మొదలుపెట్టి, సెప్టెంబరులో ఏ రోడ్డు నిలిచిందో చూసుకోవచ్చు.