జమైకా మనకు బాకీ ఉంది

ప్రపంచానికి సున్నా ఇచ్చాం, పైసా రాలేదు. కనీసం చిలుము విషయంలోనైనా జాతి మేలుకోవాలని కలం పట్టాను.

కరీబియన్ సముద్రంలోని జమైకా దీవిలో రస్తాఫారీలని ఒక మతం వాళ్ళున్నారు. జడలు కట్టిన జుట్టు. చాలామంది మాంసం ముట్టరు. దమ్ముకు ముందు ప్రార్థన, దమ్ము తర్వాత వేదాంతం. ఇదంతా వింటుంటే కొండ గుడి మెట్ల దగ్గర కూర్చునే మన బైరాగి గుర్తొస్తే తప్పు మీది కాదు. వాళ్ళు గంజాయిని 'గాంజా' అనే అంటారు. మట్టి గొట్టాన్ని 'చిలమ్' అంటారు. మన మాటలే. అడిగి తీసుకెళ్ళినట్టు రికార్డు మాత్రం లేదు.

అసలు పెద్దరికం 'చాలిస్'ది. చర్చిలో ద్రాక్షరసం పోసే పవిత్ర పాత్ర పేరది. చూస్తే మాత్రం కొబ్బరి బుర్ర. దానికి కన్నాలు పెట్టి, లోపల నీళ్ళు పోసి, ఒక కన్నంలో 'కుచ్చీ' అనే చిన్న మట్టి గిన్నె, ఇంకోదాంట్లో పీల్చే గొట్టం బిగిస్తారు. పొగ నీళ్ళలోంచి గుడగుడమంటూ చల్లబడి వస్తుంది. చుట్టూ కూర్చున్న వాళ్ళు చేతులు మార్చుకుంటూ పీలుస్తారు, బైబిల్ చర్చిస్తారు. మా తాతల కాలపు కొబ్బరి హుక్కా ఇంతకంటే భిన్నంగా ఏముంది? పేరు మారింది, హోదా పెరిగింది. విదేశం వెళ్ళిన ప్రతి మనవాడికీ జరిగేదే.

ఈ మతానికి దేవుడు ఇథియోపియా చక్రవర్తి హైలే సెలాసీ. అసలు పేరు తఫారీ. 'రాస్' అంటే ప్రభువు. 1930 నవంబర్ 2న పట్టాభిషేకమైంది. ఆయన భక్తుల చాలిస్‌ను ముట్టిన మనిషి కాదు, బుద్ధిగా సొంత ఆర్థడాక్స్ చర్చికి వెళ్ళేవాడు. 1966 ఏప్రిల్ 21న జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో విమానం దిగబోతే, కింద వేలాది జనం, డప్పులు, పొగ. దేవుడు కాసేపు బయటకే రాలేదు. చివరికి మార్టిమర్ ప్లానో అనే భక్తుడు మెట్లెక్కి నచ్చజెప్పి దించాడు. దేవుణ్ణి దించడానికి పూజారి కావాలన్నది కూడా మన దగ్గర్నుంచే వెళ్ళిందేమో, పరిశీలించాలి.

ఇక మన వాటాకు తిరుగులేని సాక్ష్యం. ఈ మతాన్ని మొదట బోధించిన వాళ్ళలో ముఖ్యుడు లియోనార్డ్ హోవెల్. ఆయన పెట్టుకున్న పేరు 'గంగున్‌గురు మరాగ్'. గురువు మనవాడు, 'మరాగ్' అంటే మన మహారాజే. 1940లో పినాకిల్ అనే కొండ మీద ఆశ్రమం పెట్టాడు. మరుసటి ఏడే పోలీసులొచ్చారు. 1954లో మళ్ళీ వచ్చి నేలమట్టం చేశారు.

అక్కడ 1913 నుంచే గంజాయి నేరం. అదే తెల్లదొర ఇక్కడ గంజాయి కొట్లకు లైసెన్సులిచ్చి పన్ను వసూలు చేసుకున్నాడు. 1893లో కమిషన్ వేసి, మితంగా తాగితే పెద్ద నష్టం లేదని రిపోర్టు కూడా రాయించుకున్నాడు. ఇక్కడ ఆదాయం, అక్కడ అపరాధం. మనమేం తక్కువ తినలేదు. మన 1985 మాదకద్రవ్యాల చట్టం గంజాయి అంటే పూత అంది, ఆకును వదిలేసింది. పాలలో కలిపి తాగితే పండగ, చిలుములో నింపితే కేసు.

1982లో బర్మింగ్‌హామ్ పిల్లల బృందం, కుచ్చీని పక్కవాడికి అందించమనే ఒక జమైకా పాటను మళ్ళీ పాడింది. పిల్లల నోట కుచ్చీ ఏమిటని దాన్ని 'డచ్చీ'గా మార్చారు. డచ్చీ అంటే వంట గిన్నె. అది బ్రిటన్‌లో నంబర్ వన్ పాట అయ్యింది. వంటింటి దారిన వస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

చివరికి 2015లో జమైకా చట్టం మార్చింది. రెండు ఔన్సుల లోపు దొరికితే జైలు లేదు, 500 జమైకా డాలర్ల చలానా. రస్తాఫారీలు పూజకు తాగొచ్చు. వ్యాపారం చేయాలంటే లైసెన్సు, దానికి ఫీజు. వందేళ్ళు లాఠీ దెబ్బలు తిన్నది కుచ్చీ పట్టుకున్న చేతులు, లైసెన్సు కట్టేది చెక్కుబుక్కు ఉన్న చేతులు.

ఇదంతా మా కాలనీ అసోసియేషన్ మీటింగులో చదివి వినిపించాను. చప్పట్లు మోగాయి. జమైకాకు రాయల్టీ బిల్లు పంపాలని తీర్మానించారు. చిలుమును సముద్రం దాటించిన మహానుభావుడికి విగ్రహం పెడదామన్నారు ప్రెసిడెంట్ గారు. "ఎవరండీ ఆయన? మునా, వర్తకుడా?"

"కూలీ అండీ," అన్నాను. 1838కల్లా అక్కడ బానిసత్వం పోయింది. చెరకు తోటలకు చౌకగా మనుషులు కావలసొచ్చారు. 1845 మేలో 'బ్లండెల్ హాల్' అనే ఓడలో మొదటి విడతగా మనవాళ్ళు సుమారు 260 మంది ఓల్డ్ హార్బర్‌లో దిగారు. 1917 వరకు దాదాపు 36,000 మంది వెళ్ళారు, ఎక్కువ మంది బీహార్, అవధ్ వైపు వాళ్ళు. సగానికి పైగా తిరిగి రాలేదు. చిలుము, గంజాయి, ఆ మాటలు అన్నీ వాళ్ళ వెంట వెళ్ళినవే.

హాల్లో చప్పట్లు ఆగాయి. ప్రెసిడెంట్ గారు కళ్ళజోడు తుడుచుకుని అడిగారు: "కూలీలంటే... ఏమిట్లు?"

కూలీల ఎమిగ్రేషన్ పాసుల్లో కులానికి ఒక గడి ఉండేదని చెప్పాను. ఆయన మొహం వెలిగింది. అది తెప్పించి చూసే వరకు విగ్రహం పని ఆపమన్నారు. రాయల్టీ బిల్లు మాత్రం పంపేశాం.