అరటిపండుకూ షుగర్ 104!

సూది గుచ్చకుండా వెలుతురుతోనే షుగర్ చూసే వాచీలు వచ్చేశాయని మీ వ్యాసంలో రాశారు. ఆ "వచ్చేశాయి" దగ్గరే నా పేచీ.

మా నాన్నగారు పోయినేడు ఆన్‌లైన్‌లో అలాంటిదొకటి తెప్పించుకున్నారు. భోజనానికి ముందు 108, రెండు లడ్డూలు తిన్నాక 111. అనుమానం వచ్చి అరటిపండుకు కట్టి చూస్తే 104 చూపించింది! అప్పుడే స్ట్రిప్ మీద నాన్నగారి రీడింగ్ 246.

ఆక్సిమీటర్ వేలికి పెడితే ఆక్సిజన్ చెబుతోంది కదా, షుగర్ ఎందుకు చెప్పదని అడుగుతుంటారు. ఆక్సిమీటర్ చూసేది రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హీమోగ్లోబిన్‌ని. దానికి రంగుంది, డెసిలీటరు రక్తంలో సుమారు 15 గ్రాములుంటుంది. గ్లూకోజ్ (రక్తంలోని షుగర్) 100 మిల్లీగ్రాములకు అటూఇటూ, పైగా రంగు లేదు. కంటికి కనిపించని నియర్ ఇన్‌ఫ్రారెడ్ కాంతి వేసినా దాని జాడను ఒంట్లో నీరే కప్పేస్తుంది. చర్మం వేడి కాస్త మారినా లెక్క తప్పుతుంది.

నాకు కొంచెం ఆశ ఉన్నది రామన్ పద్ధతి మీద (చిన్నప్పుడు విశాఖలో చదువుకున్న సి.వి.రామన్ 1928లో కనిపెట్టిన సూత్రమే). గ్లూకోజ్ అణువు కాంతిని చెదరగొట్టే తీరు దానికే ప్రత్యేకం. 2020లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం వాళ్లు పందుల చెవి మీద ఆ గుర్తును నేరుగా పట్టుకున్నారు. కానీ ఆ యంత్రం బల్ల మీద పెట్టేది, చేతికి కట్టేది కాదు.

చర్మం గుచ్చకుండా షుగర్ కొలిచే ఏ వాచీకీ, ఉంగరానికీ అనుమతి ఇవ్వలేదని మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు ఆ అంకె నమ్మి డోసు మారిస్తే ప్రాణం మీదికొస్తుంది. వ్యాసంలో ఈ ముక్క కూడా చేర్చండి. నాన్నగారు ఆ వాచీలో ఇప్పుడు టైమే చూస్తున్నారు.