కొత్త కార్డు కొనాలా, ఉన్న డబ్బా విప్పాలా

మేముండేది బల్లార్‌పూర్‌లో. ఊరు మహారాష్ట్రదే అయినా మా వీధిలో సగం ఇళ్లలో వినిపించేది తెలుగే. మా ఆయన బొగ్గు గనిలో ఎలక్ట్రీషియన్. సాయంత్రాలు తెలిసినవాళ్ల కంప్యూటర్లు బాగుచేస్తాడు. తమ్ముడు మా ఇంట్లోనే ఉంటూ చంద్రపూర్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. 2025 దీపావళి వెళ్లాక, నవంబర్ చివరి శనివారం రాత్రి భోజనాల దగ్గర వాడొక మాటన్నాడు. పొద్దున్నే రైలెక్కి నాగపూర్ సీతాబర్డికి వెళ్లి, రెండేళ్లుగా కూడబెట్టిన నలభై అయిదు వేలతో పీసీలో ఆట బొమ్మలు గీసే కొత్త గ్రాఫిక్స్ కార్డు తెచ్చుకుంటాడట, జీటీఏ 6 (గ్రాండ్ థెఫ్ట్ ఆటో) అనే వీడియో ఆట కోసం. అక్కడ మొదలైన వాదన రాత్రి ఒంటిగంట దాకా సాగింది. వాడు పడుకున్నాక ఆ పీసీలో నేనూ ఆడతాను కాబట్టి ఒక్క మాట కూడా వదలకుండా విన్నాను.

బావ: ఆ ఆట ఎప్పుడొస్తుంది?

బామ్మర్ది: వచ్చే ఏడాది నవంబర్ 19. 2026.

బావ: మొన్నటిదాకా మే 26 అన్నావు. 2023 డిసెంబర్‌లో మొదటి ట్రైలర్ వచ్చినప్పుడు 2025 అన్నావు. సరే, అంత పెద్ద ఆట, తేదీ జరుగుతుంది, తప్పు పట్టను. దేని మీద వస్తోంది?

బామ్మర్ది: టీవీకి తగిలించి ఆడే కన్సోళ్ల మీద: ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, సిరీస్ ఎస్.

బావ: మరి పీసీ?

బామ్మర్ది: ఇంకా ప్రకటించలేదు.

బావ: ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది.

బామ్మర్ది: రాకుండా ఎక్కడికి పోతుంది బావా? జీటీఏ 5 కన్సోళ్లకు 2013 సెప్టెంబర్‌లో వచ్చింది, పీసీకి 2015 ఏప్రిల్‌లో వచ్చింది. అదే కంపెనీ ఆట రెడ్ డెడ్ 2 అయితే 2018 అక్టోబర్‌లో వచ్చి, మరుసటి ఏడాది నవంబర్‌కల్లా పీసీకి వచ్చేసింది.

బావ: లెక్క నువ్వే చెప్పావు. ఒకదానికి పంతొమ్మిది నెలలు, ఇంకోదానికి ఏడాది. ఈసారీ అలాగే జరిగితే పీసీలో నువ్వు ఆడేది 2027 చివర్లోనో, 2028లోనో. అప్పటికి ఈ కార్డు వారంటీలో చాలా భాగం అయిపోయి ఉంటుంది. పైగా ఆ ఆటకు ఎంత కార్డు కావాలో ఎవరూ చెప్పలేదు. కొలత తెలియకుండా చొక్కా కుట్టించుకుంటావా?

బామ్మర్ది: ఆగమని చెప్పడం తేలిక. దసరాకి ముందు ఇంకో ర్యామ్, అదే పీసీ మెమరీ, కొంటానంటే ఇలాగే ఆగమన్నావు. ఇప్పుడు ధర చూశావా? మెమరీ చేసే కంపెనీలు ఏఐ డేటా సెంటర్లకు అమ్ముకోవడంలో పడ్డాయి, మనలాంటివాళ్లకు ర్యామ్ మండిపోతోంది. కార్డుల్లో ఉండేదీ మెమరీయే. రేపు అవీ పెరిగితే నా డబ్బుకు సగం కార్డే వస్తుంది. ఎదురుచూసినవాడికే నష్టం.

(ఆయన మాట్లాడలేదు, నీళ్లు తాగాడు. ఇక్కడ న్యాయం తమ్ముడి వైపే ఉందని నాకనిపించింది. ర్యామ్ విషయంలో ఆగమన్నది నిజమే.)

బావ: ఆ దెబ్బ నావల్లే తగిలింది, ఒప్పుకుంటాను. కానీ ధర పెరుగుతుందన్న భయంతో కొంటే, నీ అవసరానికి కొన్నట్టు కాదు.

బామ్మర్ది: అవసరం ఉంది! ఆ ఆట కోసం పన్నెండేళ్లుగా ఎదురుచూస్తున్నాను. జీటీఏ 5 వచ్చినప్పుడు నేను ఏడో తరగతి. కాగజ్‌నగర్‌లో దోస్తుల ఇంట్లో వంతులేసుకుని ఆడాం, నాకు పదిహేను నిమిషాలు దొరికేవి. ఆ పదిహేను నిమిషాల్లో మిషన్లు ఆడేవాణ్ని కాదు, కారెక్కి సముద్రం ఒడ్డునే తిరిగేవాణ్ని. ఇప్పుడు నా జీతం నాకుంది. వచ్చిన రోజే ఆడాలి. ఏడాదిన్నర తర్వాత ఆడితే కథంతా ఎవరో ఒకరు చెప్పేసి ఉంటారు.

బావ: వచ్చిన రోజే ఆడాలంటే నీకు కావాల్సింది కన్సోల్, కార్డు కాదు. పైగా మొదటి రోజే అన్నీ బాగుంటాయా? సైబర్‌పంక్ 2077 గుర్తులేదా? 2020 డిసెంబర్ 10న వచ్చింది. పాత ప్లేస్టేషన్‌లో ఎంత ఘోరంగా నడిచిందంటే వారం రోజులకే సోనీ దాన్ని తన స్టోర్ నుంచి తీసేసింది, ఆర్నెల్లకు గానీ తిరిగి పెట్టలేదు. ఆగినవాళ్లకే మంచి ఆట దక్కింది.

బామ్మర్ది: ఆ ఒక్కటీ పక్కన పెట్టు. ఇప్పుడున్న ఆటలే సరిగా ఆడటం లేదు కదా. రెడ్ డెడ్ 2లో అడవిలో గుర్రం హాయిగా పోతుంది. సెయింట్ డెనిస్ నగరంలో అడుగుపెట్టగానే కుదుపులు. 1660 సూపర్ కార్డు, ఆరేళ్ల నాటిది. దాన్ని మార్చకుండా ఎలా?

బావ: సరే, నగరంలో ఫ్రేమ్ రేటు, అంటే సెకనుకు వచ్చే బొమ్మలు, ఎంత చూపిస్తోంది?

బామ్మర్ది: యాభై, యాభై అయిదు.

బావ: అది సగటు. సెకనుకు అరవై ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకి సుమారు 16.7 మిల్లీసెకన్లు. యాభై ఫ్రేములు టైముకి వచ్చి ఒక్కటి వంద మిల్లీసెకన్లు తీసుకుంటే, సగటు బాగానే కనిపిస్తుంది, కంటికి మాత్రం కుదుపు తగులుతుంది. ఇంతకీ కార్డు ఎంత శాతం పనిచేస్తోందో చూశావా?

బామ్మర్ది: నగరంలో అరవై, అరవై అయిదు.

బావ: అంటే కార్డు ఖాళీగా కూర్చుని పని కోసం చూస్తోంది. నూరు శాతం పనిచేస్తూ కూడా అందుకోలేకపోతుంటే కొత్తది కొను, నేను అడ్డు రాను. ఇలాంటి ఆటలో ఊరంతా ఒకేసారి మెమరీలో ఉండదు. నువ్వు వీధి మలుపు తిరిగేలోపు అక్కడి ఇళ్లు, మనుషులు, గోడల బొమ్మలు డిస్క్ నుంచి వచ్చి చేరాలి. ఆ జనం ఎటు నడవాలో ప్రాసెసర్ లెక్క కట్టాలి. నీ ఆట ఉన్నది పాత హార్డ్ డిస్క్‌లో. అది ఎంత పరుగెత్తినా సెకనుకు వంద, నూట యాభై ఎంబీ. తిరిగే పళ్లెం లేని డిస్క్, ఎస్ఎస్‌డీ, మామూలు సాటా రకమైనా అయిదు వందలిస్తుంది. ఇరుకు సందులో లారీ ఇరుక్కుంటే గోదాం పెద్దది కట్టించి ఏం లాభం?

బామ్మర్ది: నువ్వు చూసేది ఈ ఒక్క ఆటనే. కొత్త ఆటలకు ఆరు జీబీ వీడియో మెమరీ చాలదు. చిన్న బొమ్మ గీసి ఏఐతో పెద్దది చేసి ఫ్రేములు పెంచే డీఎల్ఎస్ఎస్ నా కార్డుకి లేదు. ఇంకోటి, మన ఊరి ఎండకి కొత్త కార్డే నయం. 4060 కార్డు నూట పదిహేను వాట్లతో నడుస్తుంది, నాది నూట పాతిక తీసుకుని దానికంటే చాలా తక్కువ పని చేస్తుంది. మేలో ఆడుతుంటే పీసీ దానంతట అదే ఆగిపోవడం నువ్వూ చూశావు.

బావ: ఆరు జీబీ చాలదన్నది నిజం. వాట్ల లెక్కా నిజమే. కానీ మేలో ఆగిపోవడానికి కారణం కార్డేనని ఎలా తెలుసు? స్క్రూడ్రైవర్ తీసుకురా.

పదకొండున్నరకి సీపీయూ డబ్బా పక్క మూత ఊడింది. లోపల చూసి నాకు భయమేసింది. ప్రాసెసర్ మీద దాని వేడిని లాగే హీట్‌సింక్ రెక్కల మధ్య నల్లటి దుమ్ము చాపలా పేరుకుపోయింది. వేసవిలో నలభై అయిదు దాటే ఊరు మాది, గాలిలో బొగ్గు నుసి ఉంటుంది. చల్లగా ఉంటుందని సీపీయూ డబ్బాని ఎయిర్ కూలర్ ఎదురుగా పెట్టింది నేనే. కూలర్ గాలిలో తేమ ఉంటుంది, ఆ తేమకి దుమ్ము ఇంకా గట్టిగా అంటుకుంటుందని ఆయన చెప్తేగానీ తెలియలేదు. ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకుని బ్రష్‌తో దులిపాడు. ప్రాసెసర్ వేడిని హీట్‌సింక్‌కి చేర్చే థర్మల్ పేస్ట్ ఎండి పెళుసెక్కితే, దాన్ని తుడిచి కొత్తది పెట్టాడు. అప్పుడు కనిపించింది అసలు సంగతి.

బావ: ఈ ర్యామ్‌లు ఎవరు పెట్టారు?

బామ్మర్ది: అసెంబుల్ చేసిన షాపువాడు.

బావ: రెండు ఎనిమిది జీబీలు, రెండూ పక్కపక్క స్లాట్లలో. ఈ నాలుగు స్లాట్ల బోర్డులో రెండోదాంట్లో ఒకటి, నాలుగోదాంట్లో ఒకటి ఉండాలి. ఇలా పెడితే రెండు దారులుండగా ఒక్క దారినే నడిచినట్టు. ఇంతకాలం ప్రాసెసర్‌కి అందాల్సిన వేగంలో సగమే అందింది.

బామ్మర్ది: ఆరేళ్లుగానా?

(వాడి గొంతు విని నాకు బాధేసింది.)

పీసీ మొదలయ్యేటప్పటి సెట్టింగులుండే బయోస్‌లో చూస్తే 3200 వేగపు ర్యామ్ 2400 దగ్గరే నడుస్తోంది. ర్యామ్‌ని దాని అసలు వేగంతో నడిపే ఎక్స్ఎంపీ ఆన్ చేశారు. వాడు ఎప్పుడో పెట్టుకున్న గేమ్ బూస్టర్ అనే సాఫ్ట్‌వేర్‌ని తీసేశారు. అది చేసే మేలు ఏమీ లేదు, విండోస్‌తో పాటు మొదలై మెమరీ తినడం తప్ప. ఆటలో అంచులు నునుపు చేసే ఎంఎస్ఏఏ ఆపి, నీళ్ల ఫిజిక్స్ తగ్గించి, టెక్స్‌చర్లు (గోడల, నేల బొమ్మలు) మాత్రం అల్ట్రాలోనే ఉంచారు. ఫ్రేమ్ రేటుని అరవైకి కట్టేశారు. తొంభై డిగ్రీల దగ్గర ఉండే ప్రాసెసర్ వేడి డెబ్బై రెండు దగ్గర నిలిచింది. సెయింట్ డెనిస్‌లో ట్రాము పట్టాల వెంట గుర్రం నడిపాడు తమ్ముడు. కొత్త వీధిలోకి తిరిగినప్పుడల్లా ఇంకా చిన్న కుదుపు ఉంది, అది హార్డ్ డిస్క్ వల్ల. మిగతా అంతా సాఫీగా పోయింది.

బావ: సీతాబర్డికి పో, కానీ ఒక టీబీ ఎస్ఎస్‌డీ తెచ్చుకో. మిగిలింది బ్యాంకులో వెయ్యి. పీసీకి ప్రకటించిన రోజు, కావాల్సిన కార్డు ఏదో చదివి, నేనే నీతో వచ్చి కొనిపిస్తాను.

బామ్మర్ది: అప్పటికి ధర రెట్టింపైతే?

బావ: పెరిగిన దాంట్లో సగం నాది.

బామ్మర్ది: మరి వచ్చే నవంబర్ 19? ఆ రోజు గురువారం. నేను ఏం చేయాలి?

బావ: కాగజ్‌నగర్‌లో మీ దోస్తు దగ్గర ప్లేస్టేషన్ 5 ఉందిగా. సెలవు పెట్టి పో.

బామ్మర్ది: మళ్లీ పదిహేను నిమిషాల వంతులేనా బావా?

ఆయన దగ్గర దానికి జవాబు లేదు. తమ్ముడు కంట్రోలర్ నా చేతికిచ్చి, పొద్దున ఆరింటికి లేపమని చెప్పి పడుకున్నాడు. వాడు తెచ్చేది ఎస్ఎస్‌డీయా, కార్డా అని నేను అడగలేదు.